జలసంధికి అటూ ఇటూ: చోళులు, పాండ్యులు, సింహళ సింహాసనం

రాజేంద్ర చోళుడి శాసనాల్లో సింహళ (నేటి శ్రీలంక) విజయం గురించి ఉన్నవి కొద్ది మాటలే. ఈళం (సింహళానికి తమిళ పేరు) రాజు కిరీటాన్ని, అతని రాణుల అందమైన కిరీటాలను, ఈళ మండలమంతటినీ గెలుచుకున్నాడని ఆ ప్రశస్తి చెబుతుంది. ఆ జాబితాలోనే మరో రెండు వస్తువులు కనిపిస్తాయి: అంతకు ముందెప్పుడో దక్షిణాది రాజు ఈళం రాజు దగ్గర దాచిపెట్టిన కిరీటం, ఇంద్రుడి హారం. దక్షిణాది రాజంటే మదురై పాండ్యుడు. 1017 ప్రాంతంలో సింహళం మీద దండెత్తిన చోళుడు పాండ్యుల కిరీటం దొరికిందని రాళ్లమీద చెక్కించుకోవడం దేనికి? అసలు మదురై కిరీటం సముద్రం దాటి అక్కడికెలా చేరింది?

ఈ ప్రశ్న వెంట వెళితే తొమ్మిదో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా తమిళదేశానికీ సింహళానికీ మధ్య ఉన్న పాక్ జలసంధికి రెండు పక్కలా సాగిన పోరాటాల చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. ఈ చరిత్రను తమిళులకూ సింహళులకూ మధ్య యుద్ధంగానో, శైవానికీ బౌద్ధానికీ మధ్య యుద్ధంగానో చెప్పడం మనకు అలవాటైపోయింది. శాసనాలు, సింహళ రాజుల చరిత్ర చెప్పే పాళీ గ్రంథం చూళవంశం పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ కథ నిలబడదు. అక్కడ కనిపించేది రాజవంశాల దాయాది తగవు. ఒక ఒడ్డున ఓడినవాడికి ఎదుటి ఒడ్డున ఆశ్రయం దొరికేది. అందుకే ఏ విజయమూ చివరి విజయం కాలేదు.

ముందు నేల సంగతి. రామేశ్వరం దీవి కొసన ఉన్న ధనుష్కోటికీ, అవతల తలైమన్నార్‌కూ మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. మన్నారు పక్కన మాతోట్టం రేవు. అక్కడి నుంచి లోపలికి వెళితే చెరువుల కింద వరి పండే మైదానం, రాజరట. రాజధాని అనురాధపురం అందులోనే ఉండేది. దక్షిణాన అడవులు, కొండలతో రోహణ. ఉత్తరాన రాజధాని పోయిన ప్రతిసారీ సింహళ రాజులు రోహణలోకి వెళ్లి తలదాచుకున్నారు. బయటినుంచి వచ్చిన సైన్యాలకు రాజరట చిక్కింది కానీ రోహణ ఎప్పుడూ పూర్తిగా లొంగలేదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తర్వాతి కథ సగం అర్థమైనట్టే.

తొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతంలో పెద్ద చెయ్యి పాండ్యులది. శ్రీమార శ్రీవల్లభుడు మొదటి సేనుడి కాలంలో అనురాధపురాన్ని దోచి, అక్కడి బంగారు బుద్ధ విగ్రహాన్ని కూడా పట్టుకుపోయాడు. తర్వాత వచ్చిన రెండో సేనుడు ఊరుకోలేదు. తన రాజుతో పడక సింహళానికి పారిపోయి వచ్చిన ఒక పాండ్య రాజకుమారుణ్ని ముందు పెట్టుకుని 862 ప్రాంతంలో మదురై మీదికి సైన్యాన్ని పంపాడు. నగరం పడిపోయింది, విగ్రహం వెనక్కి వచ్చింది, సింహళం తరఫు పాండ్యుడు గద్దెనెక్కాడు. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లపాటు ఇదే పద్ధతి. అవతలి సింహాసనం మీద హక్కు ఉందనే ఒకడు మన దగ్గర ఉంటే చాలు, దండయాత్రకు కారణం సిద్ధంగా ఉన్నట్టే.

ఇంతలో తంజావూరు చోళులు ఎదిగారు. పరాంతక చోళుడు మదురై మీద పడేసరికి పాండ్యుడు మారవర్మ రాజసింహుడు పాత శత్రువు సింహళాన్నే సాయమడిగాడు. ఐదో కస్సపుడు సైన్యం పంపాడు. 915 ప్రాంతంలో వెళ్ళూరు దగ్గర పాండ్య సింహళ సేనలు రెండూ ఓడిపోయాయి. సింహళ సేనాపతి రోగంతో చనిపోయాడు, మిగిలిన సైన్యం వెనుదిరిగింది. కొన్నేళ్లకు రాజసింహుడే సముద్రం దాటి దప్పుల రాజు దగ్గరికి వచ్చాడు. దప్పులుడికి సాయం చేయాలనే ఉన్నా, అతని సామంతులు తమలో తాము గొడవలు పెట్టుకుని ఆ పని సాగనివ్వలేదని చూళవంశం చెబుతుంది. ఇక్కడ లాభం లేదనుకున్న పాండ్యుడు తన కిరీటాన్ని, మిగతా రాజచిహ్నాలను అక్కడే వదిలి కేరళలోని తల్లి పుట్టింటికి వెళ్లిపోయాడు.

పరాంతకుడి చేతిలో మదురై ఉంది కానీ మదురై కిరీటం లేదు. ఊరు గెలవడం వేరు, ఆ ఊరి రాజుగా పట్టాభిషేకం చేసుకోవడం వేరు. పాండ్యదేశంలో అభిషేకం జరిపించుకోవాలన్న కోరికతో అతను ఆ రాజచిహ్నాల కోసం దూతల్ని పంపాడని చూళవంశమే రాసింది. అప్పటి సింహళ రాజు నాలుగో ఉదయుడు ఇవ్వనన్నాడు. చోళ సైన్యం దిగింది, సింహళ సేనాని యుద్ధంలో పడిపోయాడు. ఉదయుడు కిరీటం పట్టుకుని రోహణలోకి వెళ్లిపోయాడు. రోహణలోకి దారి దొరక్క చోళులు తిరిగి వచ్చేశారు. అదే సమయానికి ఉత్తరాన రాష్ట్రకూటులు కమ్ముకొస్తున్నారు. 949లో తక్కోలం దగ్గర మూడో కృష్ణుడి సేనల చేతిలో పరాంతకుడి కొడుకు రాజాదిత్యుడు చనిపోయాడు. చోళ రాజ్యం కోలుకోవడానికి మూడు నాలుగు దశాబ్దాలు పట్టింది.

జీతాలు అందని సైన్యం

985లో రాజరాజ చోళుడు గద్దెనెక్కేసరికి అనురాధపురంలో ఐదో మహిందుడు ఉన్నాడు. అతని సైన్యంలో ఎక్కువమంది కేరళ, కర్ణాట ప్రాంతాల కూలి సిపాయిలు. రైతులు పన్నులు కట్టడం మానేశారు. ఖజానా ఖాళీ. జీతాలు అందని కేరళ సిపాయిలు రాజభవనాన్ని చుట్టుముట్టి, జీతం ఇచ్చేదాకా తిండి తిననివ్వబోమని కూర్చున్నారు. మహిందుడు సొరంగమార్గంలో బయటపడి రోహణకు పారిపోయాడు. రాజరట సిపాయిల పాలైంది. ఈ సంగతి చోళ రాజుకు చేరవేసింది గూఢచారి కాదు, గుర్రాల వ్యాపారి. వ్యాపారం మీద వచ్చినవాడు అక్కడి పరిస్థితి చూసి, వెళ్లి చెప్పాడు. 993 ప్రాంతంలో రాజరాజు సైన్యం దిగింది.

చోళులు ఎంత క్రూరంగా దోచారో చూళవంశం చెబుతుంది. ధాతుగర్భాలు (బౌద్ధుల పవిత్ర అవశేషాలు దాచిన గదులు) పగలగొట్టారు, బంగారు విగ్రహాలు తీసుకుపోయారు. అనురాధపురం మళ్లీ రాజధానిగా లేవలేదు. దీన్ని తక్కువ చేసి చెప్పడం తప్పు. అయితే అదే చోళులు నాగపట్నంలో ఆగ్నేయాసియాలోని శ్రీవిజయ రాజ్యపు రాజు కట్టించిన చూడామణి విహారానికి ఆనైమంగలం గ్రామాన్ని రాసిచ్చారు. సింహళంలోనే తిరుకోణమలై (ట్రింకోమలీ) దగ్గరి వెల్గం వెహెర అనే బౌద్ధ విహారం రాజరాజ పెరుంపళ్లి అన్న పేరుతో వర్ధిల్లింది. అక్కడి దానశాసనాలు తమిళంలో ఉన్నాయి. దోపిడీ సొమ్ము కోసం జరిగింది, పోషణ ఏలుబడి నిలబెట్టుకోవడం కోసం జరిగింది. మతం ఈ రెండింటికీ మొదటి కారణం కాదు.

రాజధాని పొలొన్నరువకు మారి జననాథమంగలమైంది. రాజరట ముమ్మడి చోళ మండలమైంది. మాతోట్టం రాజరాజపురమైంది, అక్కడ తాళి కుమరన్ అనే చోళదేశస్థుడు రాజరాజేశ్వరం గుడి కట్టించాడు. సింహళ గ్రామాల ఆదాయంలో కొంత తంజావూరు పెద్ద గుడికి రావాలని రాజరాజు ఏర్పాటు చేశాడు. అతని కొడుకు రాజేంద్రుడు 1017 ప్రాంతంలో మిగిలిన పని పూర్తిచేశాడు. రోహణలో దాక్కున్న మహిందుణ్ని, రాణిని, సింహళ రాజచిహ్నాలను, పాండ్యుల కిరీటాన్ని పట్టుకున్నాడు. మహిందుడు చోళదేశంలో బందీగా 1029లో చనిపోయాడు. పాండ్యుల కిరీటం దొరికిన కొద్దికాలానికే రాజేంద్రుడు మదురైలో భవనం కట్టించి, తన కొడుకును చోళ పాండ్యుడు అన్న పేరుతో అక్కడ నిలిపాడు. పరాంతకుడి కోరిక అలా ముని మనవడి కొడుకు కాలానికి, సుమారు 70 ఏళ్ల తర్వాత తీరింది.

వేంగి నుంచి చూస్తే

ఇక్కడ మన ఆంధ్ర తీరం కథలోకి వస్తుంది. సింహళం గురించి రాసేటప్పుడు వేంగిని, వేంగి గురించి రాసేటప్పుడు సింహళాన్ని మరిచిపోవడం మన చరిత్ర పుస్తకాలకు మామూలైపోయింది. రెండూ ఒకే లెక్కలోవి.

973లో జటాచోడ భీముడు వేంగిని ఏలే తూర్పు చాళుక్య రాజు దానార్ణవుణ్ని చంపి గద్దెనెక్కాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు చోళుల దగ్గరికి పారిపోయారు. పాండ్యుడు సింహళానికి వెళ్లినట్టే. రాజరాజు వాళ్లను చేరదీసి, 999 ప్రాంతంలో శక్తివర్మను వేంగి రాజును చేశాడు, తన కూతురు కుందవను విమలాదిత్యుడికిచ్చాడు. వాళ్ల కొడుకు రాజరాజనరేంద్రుడు, రాజమహేంద్రవరంలో నన్నయను పోషించినవాడు. అతనికి రాజేంద్రుడి కూతురు అమ్మంగను ఇచ్చారు. దక్కనును ఏలే కల్యాణి చాళుక్యులు (పశ్చిమ చాళుక్యులు) ఊరుకుంటారా? రాజరాజనరేంద్రుడి సవతి తమ్ముడు ఏడో విజయాదిత్యుణ్ని వాళ్లు వెనకేసుకొచ్చారు. వేంగి కోసం చోళ చాళుక్యుల యుద్ధం రెండు తరాలు నడిచింది. 1054లో కొప్పం యుద్ధంలో రాజాధిరాజ చోళుడు ఏనుగు మీదే చనిపోయాడు.

అదే రాజాధిరాజుకు సింహళంలోనూ తీరిక లేదు. రోహణలో ఒకరి తర్వాత ఒకరు లేచారు. వాళ్లలో సింహళ వంశం వాళ్లే కాదు, పాండ్య వంశం వాళ్లున్నారు, ఉత్తర భారతం నుంచి వచ్చిన జగతీపాలుడు అనేవాడు కూడా ఉన్నాడు. ఓడిపోయిన వంశాల వాళ్లందరికీ ఆ అడవులు చోటిచ్చాయి.

1055 నుంచి రోహణలో బలం కూడగట్టుకుంటున్న విజయబాహు ఒకటి రెండు సార్లు ప్రయత్నించి విఫలమయ్యాడు. 1070లో పొలొన్నరువను పట్టుకున్నాడు. ఆ ఏడాదే ఎందుకు? చోళ రాజు వీరరాజేంద్రుడు అదే ఏడాది చనిపోయాడు. అతని కొడుకు అధిరాజేంద్రుడు గద్దెనెక్కిన కొద్ది వారాలకే హతమయ్యాడు. రాజరాజనరేంద్రుడికీ అమ్మంగకూ పుట్టిన వేంగి రాకుమారుడు రాజేంద్రుడు చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. తండ్రి తరఫున చాళుక్యుడు, తల్లి తరఫున చోళుడు. ఒక పక్క కల్యాణి విక్రమాదిత్యుడు, మరోపక్క వేంగిలో బాబాయి విజయాదిత్యుడు. ఆ పరిస్థితిలో దూరపు దీవి కోసం సైన్యాలను నడపడం కులోత్తుంగుడికి లాభసాటి కాదు. తన కొడుకులను వరసగా వేంగికి పాలకులుగా పంపాడు, సింహళాన్ని వదులుకున్నాడు. విజయబాహు పరాక్రమం తక్కువదని నేననను. కానీ అతనికి గెలిచే అదను దొరికింది చోళ రాజధానిలోని వారసత్వపు తగవువల్ల. ఆ తగవులో గెలిచినవాడు గోదావరి ఒడ్డు నుంచి వెళ్లినవాడు.

కులోత్తుంగుడి చూపు వ్యాపారం మీద ఉండేది. సుంకాలు ఎత్తేసిన రాజుగా తమిళదేశంలో పేరు తెచ్చుకున్నాడు. 1077లో 72 మంది చోళ రాయబారులు చైనా చేరారు. మన విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణం అన్న పేరు శాసనాల్లో ఉంది. రాజేంద్రుడు 1025లో శ్రీవిజయం మీదికి నౌకలు పంపి కడారం (నేటి మలేషియాలోని కెడా) కొట్టడం వెనుక కూడా చైనా, అరబ్బు వర్తకుల మధ్య దారి ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఉంది. మన్నారు ముత్యాలు, సింహళం ఏనుగులు, మాతోట్టం రేవు సుంకాలు ఆ దారిలోవే. అయితే వ్యాపారం ఒక్కటే కారణమైతే రాజులు రేవులు పట్టుకుని ఆగిపోయేవారు. కిరీటాల కోసం అడవుల్లోకి వెళ్లేవారు కాదు.

వియ్యాలు, కయ్యాలు

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. ఈ రాజులకు ఆ రెండూ ఒకే ఇళ్లతో జరిగాయి. విజయబాహు చెల్లెలు మిత్తను తనకివ్వమని చోళ రాజు పదేపదే అడిగించాడు. విజయబాహు ఒప్పుకోకుండా ఆమెను పాండ్య రాకుమారుడికిచ్చాడు. తాను కళింగ రాకుమారి తిలోకసుందరిని పెళ్లాడాడు. రాజకీయంగా తెలివైన పనే. కానీ ఈ రెండు పెళ్లిళ్లతో సింహళ సింహాసనానికి పాండ్య రక్తం వాళ్లు, కళింగ రక్తం వాళ్లు అని రెండు పక్షాలు పుట్టాయి. అన్న తర్వాత తమ్ముడికి, ఆ తర్వాత పెద్దన్న కొడుకుకు గద్దె దక్కే ఆచారం ఉన్నచోట హక్కుదారులకు కొదవేముంటుంది? తర్వాతి వందేళ్ల రక్తపాతానికి బీజం అక్కడ పడింది.

విజయబాహు కాలంలోనే జరిగిన మరో సంఘటన చూడండి. అతను కర్ణాట రాజుకు కానుకలతో దూతల్ని పంపితే, దారిలో చోళులు వాళ్ల ముక్కు చెవులు కోసి పంపారు. రగిలిపోయిన విజయబాహు చోళుల మీద యుద్ధానికి సిద్ధం కమ్మన్నాడు. అతని సైన్యంలోని వేళైక్కారులనే తమిళ సిపాయిలు మా వాళ్ల మీద పోరాడబోమని తిరగబడ్డారు. సేనాపతుల్ని చంపారు, రాజభవనం తగలబెట్టారు. ఆ తిరుగుబాటును విజయబాహు అణిచేశాడు. ఇక్కడితో ఆగితే జాతుల కథలాగే ఉంటుంది. కానీ బుద్ధుడి దంతధాతువు ఉన్న పొలొన్నరువ ఆలయానికి తర్వాత కాపలా బాధ్యత తీసుకున్నది ఆ వేళైక్కారులే. ప్రాణమున్నంతవరకు కాపాడతామని వాళ్లు తమిళంలో చెక్కించిన శాసనం అక్కడే ఉంది.

మిత్త మనవడు పరాక్రమబాహు 1153లో గద్దెనెక్కాడు. అప్పటికి మదురైలో ఇద్దరు పాండ్యులు కొట్టుకుంటున్నారు. పరాక్రమ పాండ్యుణ్ని కులశేఖర పాండ్యుడు ముట్టడించాడు. పరాక్రమ పాండ్యుడు సింహళ సాయం కోరాడు. లంకాపురుడనే సేనాని బయల్దేరేలోపే అతను హతమయ్యాడు. అయినా సైన్యం ఆగలేదు. రామేశ్వరంలో దిగి, చనిపోయినవాడి కొడుకు వీర పాండ్యుడి పక్షాన మదురైదాకా వెళ్లింది. చోళుడు రెండో రాజాధిరాజు కులశేఖరుడి పక్షం.

సింహళ సైన్యం గెలుస్తున్న రోజుల్లో చోళదేశంలో ఎంత భయం పట్టుకుందో కాంచీపురం దగ్గరి ఆర్పాక్కం శాసనం చూస్తే తెలుస్తుంది. ఎదిరిలి చోళ శంబువరాయడనే సామంతుడు జ్ఞానశివదేవుడనే శైవాచార్యుణ్ని ఆశ్రయించాడు. రామేశ్వరం గుడి తలుపులు మూసి సింహళ సేనలు పూజలు ఆపించాయి, వాళ్లు ఓడిపోయేలా ఏదైనా చేయండని వేడుకున్నాడు. ఆచార్యుడు 28 రోజులు పూజ చేశాడు. శత్రుసేన పారిపోయిందని కబురొచ్చింది. శంబువరాయడు ఆర్పాక్కం గ్రామాన్ని ఆయనకు దానమిచ్చాడు.

చూళవంశం మాత్రం లంకాపురుడు వరసగా గెలిచాడని, పట్టుబడిన వాళ్లను సింహళం పంపితే వాళ్లచేత అనురాధపురంలోని మహాస్తూపాన్ని బాగుచేయించారని, పరాక్రమబాహు నాణేలు పాండ్యదేశంలో చెలామణి చేశారని చెబుతుంది. లంకాపురుడు ఆ తర్వాత ఏమయ్యాడో చెప్పదు. ఏమయ్యాడో పల్లవరాయన్‌పేట శాసనంలో ఉంది. చోళ సేనాని పల్లవరాయడు సింహళ సేనానుల తలలు నరికించి మదురై కోట గుమ్మాలకు మేకులతో కొట్టించాడు. గెలిచిన భాగాన్ని ఒకరు రాసుకున్నారు, మిగిలిన భాగాన్ని మరొకరు రాసుకున్నారు. రెండూ కలిపితేనే యుద్ధం పూర్తవుతుంది.

దానితోనైనా తగవు తీరిందా? పరాక్రమబాహు ఊరాత్తుఱై, మాతోట్టం వంటి రేవుల్లో మళ్లీ ఓడలు కట్టించడం మొదలుపెట్టాడు. చోళులు ఈసారి అతని మేనల్లుడు శ్రీవల్లభుణ్ని, తమ దగ్గర తలదాచుకున్న సింహళ హక్కుదారుణ్ని, సైన్యమిచ్చి ఆ రేవుల మీదికి పంపారు. దెబ్బతిన్న పరాక్రమబాహు దారి మార్చాడు. నిన్నటిదాకా ఎవరిమీద పోరాడాడో ఆ కులశేఖర పాండ్యుడితోనే చేతులు కలిపాడు. చోళుల దయతో గద్దె దక్కించుకున్న కులశేఖరుడు వాళ్లకు ఎదురుతిరిగి, మదురై గుమ్మాలకు కొట్టిన సింహళ సేనానుల తలలను తీయించేశాడు. దాంతో చోళులు అతన్ని దించేసి, ఇంతకుముందు సింహళం నిలబెట్టిన వీర పాండ్యుడికే పట్టం కట్టారు. రెండు పక్షాలూ అభ్యర్థులను మార్చుకున్నాయి. భాషల కోసమో మతాల కోసమో జరిగే యుద్ధం ఇలా ఉండదు.

కళింగం వైపు నుంచి

పరాక్రమబాహు 1186లో పోయాక కళింగ పక్షం పైకొచ్చింది. 1187 నుంచి 1196 దాకా ఏలిన నిశ్శంకమల్లుడు తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని చెప్పుకున్నాడు. శ్రీకాకుళం దగ్గరి సింగుపురమే ఆ సింహపురమని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. పొలొన్నరువలో అతను వేయించిన శాసనాలు చదివితే కంగారు తెలుస్తుంది. ఈ దీవి కళింగ వంశానిదని, బౌద్ధులు కాని చోళ, కేరళ రాకుమారులను గద్దెనెక్కించొద్దని, వ్యవసాయ కులాలవాళ్లు రాజరికానికి ఆశపడితే కాకి హంస కావాలనుకోవడమేనని రాయించాడు. పరమతస్థుల పట్ల ఈ అయిష్టం ఎక్కడ పుట్టిందో గమనించండి. బయటినుంచి వచ్చి, తన హక్కు గట్టిదని నిరూపించుకోవాల్సిన రాజు నోట పుట్టింది.

అతని తర్వాత ఇరవై ఏళ్లలో గద్దె చాలాసార్లు చేతులు మారింది. పరాక్రమబాహు భార్య లీలావతి మూడుసార్లు రాణి అయింది, మూడుసార్లూ దిగిపోయింది. 1215లో కళింగ మాఘుడు కేరళ సిపాయిలతో దిగాడు. అతని ఏలుబడిలో రాజరట చెరువులు, కాలువలు పాడుపడ్డాయి. జనం నైరుతి దిక్కుకు తరలిపోయారు. రాజధాని దంబదెనియకు మారింది. వెయ్యేళ్లకు పైగా నడిచిన చెరువుల సేద్యపు రాజ్యం అక్కడ ముగిసింది. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే నష్టం అదే. ఏ కిరీటం ఎవరి తలమీద ఉంటేనేం, ఆ చెరువుల కింది రైతు దాని ఖరీదు కట్టాడు.

1247లో మలయా ద్వీపకల్పంలోని తాంబ్రలింగం నుంచి చంద్రభానుడు విషపు బాణాలతో వచ్చి పడ్డాడు. తానూ బౌద్ధుణ్నేనన్నాడు. అప్పటికి చోళుల పని అయిపోవచ్చింది, మదురై పాండ్యులు మళ్లీ లేచారు. 1263 ప్రాంతంలో వీర పాండ్యుడు చంద్రభానుణ్ని చంపాడు. ఆ దశకంలోనే జటావర్మ సుందర పాండ్యుడు కాకతీయుల సేనను ముత్తుకూరు దగ్గర ఓడించి నెల్లూరులో వీరాభిషేకం చేయించుకున్నాడు. పాండ్యుల దండులో వచ్చిన ఆర్యచక్రవర్తి 1284 ప్రాంతంలో దంతధాతువును మదురైకి పట్టుకుపోయాడు. మూడో పరాక్రమబాహు స్వయంగా పాండ్యుడి దగ్గరికి వెళ్లి దాన్ని తిరిగి తెచ్చుకున్నాడు.

1310 తర్వాత పాండ్యుల ఇంట్లోనే అన్నదమ్ములు సుందర, వీర పాండ్యులు కొట్టుకున్నారు. 1311లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ మదురైదాకా వచ్చాడు. దీవికి సైన్యం పంపగల పెద్ద వంశం జలసంధికి ఈవల మిగల్లేదు. ఆర్యచక్రవర్తులు యాళ్పాణం (జాఫ్నా)లోనే స్థిరపడి, ఉత్తర తీరానికి సొంత రాజులయ్యారు. సేతుకావలన్ (సేతువు కాపరి) అన్న బిరుదు పెట్టుకున్నారు, నాణేలమీద సేతు అని ముద్రించారు. ఆ రాజ్యాన్ని 1619లో పోర్చుగీసులు కలుపుకున్నారు.